మన లైనే ఎందుకు కదలదు?

పెద్ద కష్టం వస్తే పదిమందీ పలకరిస్తారు. జ్వరం వస్తే ఇంట్లోవాళ్ళు నుదురు మీద చెయ్యి వేసి చూస్తారు. చిన్న చికాకుకి ఆ మర్యాద లేదు. హైదరాబాదు తార్నాకలో బస్సు కోసం అరగంట నిలబడి, ఎక్కాక కండక్టరు చేత "చిల్లర లేకుంటే ఎట్ల?" అనిపించుకుని, క్యాంపస్‌లో కౌంటరు దాకా చేరేసరికి "లంచ్ తర్వాత రండి" అన్న మాట విని, జిరాక్సు షాపులో సగం కాగితాలు తీశాక కరెంటు పోయి, సాయంత్రానికి ఇల్లు చేరిన మనిషి "ఇవాళ చాలా అలసిపోయాను" అంటే, "ఏం చేశావని?" అంటారు. నిజమే, ఏం చేశాడు? ఒక ఫీజు కట్టబోయాడు, నాలుగు కాగితాలు జిరాక్సు తీయించబోయాడు. అంతే.

ఆ "ఏం చేశావని?" అన్న మాటకి మనస్తత్వ శాస్త్రం 1981లోనే జవాబు చెప్పింది. రిచర్డ్ లాజరస్, ఆయన సహచరులు 117 రోజువారీ చికాకుల పట్టిక ఒకటి తయారుచేశారు. వంద మంది నడివయసు వాళ్ళ చేత నెలనెలా అందులో తమకు ఎదురైనవాటికి గుర్తు పెట్టించారు. అయినవాళ్ళు చనిపోవడం, ఉద్యోగం పోవడం లాంటి పెద్ద సంఘటనల జాబితా కంటే, ఈ చిల్లర చికాకుల జాబితాయే ఆ మనుషుల మానసిక స్థితిని మెరుగ్గా చెప్పగలిగింది. కారణం ఊహించడం కష్టం కాదు. పెద్ద దెబ్బలు ఏళ్ళకోసారి తగులుతాయి. బస్సు రోజూ ఎక్కాలి.

అయితే ఈ అధ్యాయంలో మనం అడగబోయే ప్రశ్న వేరు. ఈ చికాకులు అసలు ఎక్కడి నుంచి పుడుతున్నాయి? మనకు తోచే జవాబులు రెండే. ఒకటి, మన టైమ్ బాగాలేదు. రెండు, ఎదుటివాడికి పని చేసే బుద్ధి లేదు. నిజంగా కొన్నిసార్లు అదే కారణం కావచ్చు. కానీ చాలాసార్లు అసలు దోషి కనిపించకుండా వెనకే ఉంటుంది. దాని పేరు లెక్క.

దీన్ని చూడటానికి తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం కంటే మంచి చోటు దొరకదు. 1918లో స్థాపించిన విశ్వవిద్యాలయం, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం, దాని పేరుతోనే ఒక ఎంఎంటీఎస్ స్టేషను, తార్నాకలో మెట్రో స్టేషను, ఆర్టీసీ ఆసుపత్రి, హబ్సిగూడ దాకా వరసగా దుకాణాలు, బ్యాంకులు, హాస్టళ్ళు, కర్రీ పాయింట్లు. కూతవేటు దూరాల్లో ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ. రసాయనాల నుంచి రాళ్ళ దాకా, అన్నం నుంచి జన్యువుల దాకా అన్నిటికీ ఇక్కడ ప్రయోగశాలలు ఉన్నాయి. చికాకుల మీద ప్రయోగాలు మాత్రం బయట రోడ్డు మీదే జరుగుతుంటాయి, అడగకుండానే మనం అందరం అందులో పాల్గొంటుంటాం.

వస్తే రెండూ ఒకేసారి

బస్టాపులో నిలబడే ప్రతి మనిషీ చేసే ఫిర్యాదుతో మొదలుపెడదాం. "రాకపోతే అసలు రాదు, వస్తే రెండూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి." డిపోలో అడిగితే పది నిమిషాలకో బస్సు వదులుతున్నామంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఒక బస్సు ఏదో సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆలస్యమైంది అనుకోండి. ఆ రెండు నిమిషాల్లో తర్వాతి స్టాపులో ఇంకో నలుగురు పోగవుతారు. వాళ్ళు ఎక్కేసరికి బస్సు ఇంకాస్త ఆలస్యం. ఆ పై స్టాపులో ఇంకా ఎక్కువమంది. ఇలా ఆలస్యం ఆలస్యాన్ని పెంచుతూ పోతుంది. వెనక బస్సు సంగతి సరిగ్గా తలకిందులు. దాని జనాన్ని ముందు బస్సే ఎక్కించుకుపోయింది కనక స్టాపులో ఆగే పని తక్కువ. అది వేగం పుంజుకుని ముందుదాన్ని అందుకుంటుంది. ఉప్పల్ చేరేసరికి ఫుట్‌బోర్డు మీద వేలాడే జనంతో ఒక బస్సు, దాని వెనకే సగం ఖాళీగా ఇంకో బస్సు. డ్రైవర్లు కూడబలుక్కోలేదు. 1964లో గోర్డన్ న్యూవెల్, రెన్‌ఫ్రే పాట్స్ అనే శాస్త్రజ్ఞులు గణితంతో చూపించింది ఇదే: బస్సుల్ని సమాన దూరంలో వదిలి ఊరుకుంటే, అవి వాటంతట అవే జంటలు కడతాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. పది నిమిషాలకో బస్సు కచ్చితంగా వస్తే, మనం ఏ సమయంలో స్టాపుకి వెళ్ళినా సగటున 5 నిమిషాలు ఆగాలి. అవే బస్సులు జంటలు కట్టి, ఒకసారి 2 నిమిషాల ఎడంతో, మరోసారి 18 నిమిషాల ఎడంతో వచ్చాయి అనుకుందాం. సగటు ఎడం ఇప్పటికీ 10 నిమిషాలే. డిపో రికార్డులో తేడా ఏమీ కనిపించదు. కానీ నిమిషానికొకరు చొప్పున 20 నిమిషాల్లో 20 మంది స్టాపుకి వచ్చారు అనుకోండి. వారిలో 18 మంది ఆ పొడుగాటి ఎడంలోనే వచ్చి పడతారు, వాళ్ళు సగటున 9 నిమిషాలు నిలబడాలి. మిగిలిన ఇద్దరే అదృష్టవంతులు, వాళ్ళకి ఒక్క నిమిషం. అందరినీ కలిపి సగటు తీస్తే 8.2 నిమిషాలు. ఒక్క బస్సు కూడా తగ్గలేదు, నిరీక్షణ మాత్రం 5 నుంచి 8 దాటింది. బస్సులు పూర్తిగా ఎప్పుడు పడితే అప్పుడు వస్తే ఆ సగటు 10 నిమిషాలకు చేరుతుంది.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఎక్కేవాళ్ళు పెరిగినచోట స్టాపులో బస్సు ఆగే సమయం పెరుగుతుంది. ఆగే సమయం పెరిగితే జంట కట్టే గుణం కూడా పెరుగుతుంది. కాబట్టి జనం పెరిగినప్పుడు బస్సుల సంఖ్య పెంచడం ఒక్కటే చాలదు, వాటి మధ్య ఎడాన్ని కాపాడటం కూడా అంతే అవసరం. దానికి ఉపాయం తెలిసిందే. వెనక బస్సు ముందుదానికి మరీ దగ్గరైతే, ఒక స్టాపులో దాన్ని రెండు మూడు నిమిషాలు ఆపి ఉంచాలి. అలా ఆపితే లోపల కూర్చున్నవాళ్ళు "పోనీయవేంది?" అని అరుస్తారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. కానీ ఆ రెండు నిమిషాలు ఇంకా ఎక్కని వందమంది నిరీక్షణలోంచి తీసేసిన నిమిషాలు.

తార్నాక మీదుగా 2017 నవంబరు నుంచి నడుస్తున్న మెట్రోకు ఈ జబ్బు పెద్దగా లేకపోవడానికి కారణం రైలు వేగం కాదు. చాలా తలుపులు ఒకేసారి తెరుచుకుంటాయి, టికెట్టు పని స్టేషన్లోనే అయిపోతుంది, ఒక రైలుకీ ఇంకో రైలుకీ మధ్య దూరాన్ని సిగ్నల్ వ్యవస్థ కాపలా కాస్తుంది.

సి.ఆర్. రావు వేసిన చిన్న ప్రశ్న

పొడుగాటి ఎడంలో ఎక్కువమంది పడటం అన్న ఈ కిటుకు బస్సులకే పరిమితం కాదు. దీని వెనకున్న సాధారణ సూత్రానికి గణిత రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు మన తెలుగువాడే. కల్యంపూడి రాధాకృష్ణారావు, అంటే సి.ఆర్. రావు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో దశాబ్దాలు పనిచేసి, 2023లో 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరుతో ఒక పరిశోధన సంస్థ ఉంది, గచ్చిబౌలి వైపు ఒక రోడ్డుకీ ఆయన పేరే పెట్టారు.

అంతకు ముందు ఆర్.ఎ. ఫిషర్ తాకి వదిలిన సంగతిని రావు 1965లో విస్తరించారు. మనం సమాచారం సేకరించే పద్ధతిలోనే కొన్ని విషయాలు ఎక్కువగా, కొన్ని తక్కువగా చేతికి చిక్కితే, ఆ వంకరను లెక్కలో ఎలా సరిదిద్దాలి అన్నదే ఆ పని. దాన్ని వివరించడానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణ తరగతి గదిలో ఎవరైనా చేసి చూడగలిగేది. హైదరాబాద్, వాల్తేరు, తిరుపతి, ఢిల్లీ మొదలుకుని టెహ్రాన్, టోక్యో దాకా ఎన్నో ఊళ్ళలో ఆయన మగ విద్యార్థులను అడిగారు: మీతో కలిపి మీ ఇంట్లో అన్నదమ్ములెందరు, అక్కచెల్లెళ్ళెందరు?

జవాబులన్నీ కూడితే ప్రతి ఊళ్ళోనూ అన్నదమ్ములే ఎక్కువ తేలారు. దేశమంతా మగపిల్లలే పుడుతున్నారా? కాదు. ఒక్క కొడుకూ లేని ఇల్లు ఈ లెక్కలోకి రానే రాదు, ఎందుకంటే అక్కడి నుంచి జవాబు చెప్పే మగ విద్యార్థి ఉండడు. నలుగురు కొడుకులున్న ఇల్లు మన చేతికి చిక్కే అవకాశం నాలుగింతలు. జవాబు చెప్పిన ప్రతి విద్యార్థినీ లెక్కలోంచి తీసేసి చూస్తే, మిగిలిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు దాదాపు సగం సగం వచ్చారు.

బస్టాపులో జరిగేది అచ్చంగా ఇదే. పొడుగాటి ఎడం మన దారికి తరచు అడ్డం పడుతుంది, ఎందుకంటే అది రోజులో ఎక్కువ భాగం ఆక్రమించుకుంది. అలాగే నిండిన బస్సు గురించి ఫిర్యాదు చేయడానికి వందమంది ఉంటారు, ఖాళీ బస్సు హాయిగా ఉందని చెప్పడానికి పది మందే ఉంటారు. రద్దీ రద్దీనే ఎక్కువమందికి చూపిస్తుంది. ఇది పక్షపాతమే, కానీ మన జాతకానిది కాదు, మనం నిలబడి చూసే చోటుది.

పక్క వరస మాయ

ఇదే మాయ హబ్సిగూడ నుంచి తార్నాక వైపు వచ్చే సాయంత్రపు ట్రాఫిక్‌లో ఇంకో వేషం వేస్తుంది. మన వరస కదలదు, పక్క వరస జారిపోతూ ఉంటుంది. ఆశపడి అటు మారితే, వదిలేసిన వరస కదలడం మొదలుపెడుతుంది.

టొరంటో వైద్యుడు డోనాల్డ్ రెడెల్మెయర్, గణాంక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ టిబ్షిరాని 1999లో 'నేచర్' పత్రికలో దీన్ని విప్పి చూపారు. ఒకే సగటు వేగంతో పోయే రెండు వరసల్ని కంప్యూటర్లో నడిపి చూశారు. మన వరస కదిలినప్పుడు పక్కన ఇరుక్కున్న బళ్ళను చకచకా దాటేస్తాం, ఆ ఆనందం కొన్ని క్షణాల్లో అయిపోతుంది. మన వరస ఆగినప్పుడు పక్కవాళ్ళు మనల్ని ఒక్కొక్కరుగా, తీరిగ్గా దాటిపోతారు. దాటిన బళ్ళు, దాటించుకున్న బళ్ళు చివరికి సమానమే అయినా, దాటించుకుంటూ గడిపిన సమయం ఎక్కువ. పైగా దాటేసిన బళ్ళు వెనక్కి పోయి కనుమరుగవుతాయి, మనల్ని దాటినవి చాలాసేపు కళ్ళెదుటే కనబడుతూ ఉంటాయి. పక్క వరస నిజంగా వేగంగా లేని దృశ్యాలే చూపించినా, చూసినవాళ్ళలో ఎక్కువమంది పక్క వరసే వేగంగా పోతోందన్నారు.

"నేను వచ్చేసరికే రెడ్డు పడుతుంది" అన్న ఫిర్యాదుకైతే ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. నాలుగు రోడ్ల కూడలిలో ఒక్కో దారికి 30 సెకన్ల చొప్పున పచ్చదీపం వంతులవారీగా ఇస్తే, 120 సెకన్లలో మన వంతు 30. మిగిలిన 90 సెకన్లూ రెడ్డే. నాలుగు రోజుల్లో మూడు రోజులు రెడ్డు పడకపోతేనే ఆశ్చర్యపోవాలి.

తార్నాక చౌరస్తా ఈ లెక్కతో చాలా ఏళ్ళుగా కుస్తీ పడుతోంది. సికింద్రాబాద్–ఉప్పల్ దారికి విశ్వవిద్యాలయం, లాలాపేట దారి అడ్డం వచ్చే చోటది. మామూలు నాలుగు రోడ్ల కూడలిలో బళ్ళు ఒకదాని దారికి ఒకటి అడ్డం రాగల బిందువులు 32 ఉంటాయని రహదారి ఇంజినీర్లు లెక్క కడతారు. వాటిలో 16 నేరుగా అడ్డంగా కోసుకునేవి, అవే ప్రమాదకరం. చౌరస్తాను మూసి అటూ ఇటూ యూటర్నులు పెడితే ఆ పదహారూ పోతాయి, సిగ్నల్ దగ్గర ఆగే పనీ తప్పుతుంది. బదులుగా రోడ్డు అవతలికి పోవాల్సినవాడు అంత దూరం పోయి తిరిగి రావాలి. నడిచేవాడికి దాటే చోటు కరువవుతుంది. కొన్నేళ్ళు అలా మూసి ఉంచిన చౌరస్తాను 2025లో ప్రయోగాత్మకంగా మళ్ళీ తెరిచారు. చికాకు ఎక్కడికీ పోలేదు. ఆగడం అనే చికాకును చుట్టు తిరగడం అనే చికాకుతో మార్చుకున్నాం, మళ్ళీ వెనక్కి మార్చుకుంటున్నాం. ఎవరి నిమిషాలు ఎవరి ఖాతాలోకి పోతున్నాయో చూడటమే ఇక్కడ అసలు ప్రశ్న.

కౌంటరు ముందు

ఇక లైన్ల దగ్గరికి వద్దాం. మూడు కౌంటర్ల ముందు మూడు లైన్లు ఉన్నాయి. మనం ఒకదాంట్లో నిలబడ్డాం. మూడిట్లో మనదే అన్నిటికంటే వేగంగా కదిలే అవకాశం ఎంత? మూడింట ఒకటి. అంటే మూడింట రెండు సార్లు పక్కన ఏదో ఒక లైను మనకంటే ముందు పోతుంది. పది కౌంటర్లుంటే పదింట తొమ్మిది సార్లు. మన లైనే ఎందుకు కదలదంటే, మనం ఒక్క లైన్లో ఉన్నాం, మిగతావన్నీ పక్క లైన్లు.

దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. ఒకే లైను, దాని తలకాయ దగ్గర నుంచి ఏ కౌంటరు ఖాళీ అయితే ఆ కౌంటరుకి. బ్యాంకుల్లో టోకెన్ నంబర్లు చేసే పని అదే. ఖాళీ అయిన కౌంటరుకి జనం ఎలాగూ మారిపోతుంటే, దీంతో సగటు నిరీక్షణ అద్భుతంగా తగ్గిపోదు. కానీ ముందు వచ్చినవాడు ముందు పోతాడు, డీడీల కట్ట తెచ్చిన ఒక్క మనిషి వెనక పడి పది మంది నలిగిపోయే బాధ అందరికీ సమంగా పంచబడుతుంది. ఎరువుల దుకాణాల ముందు రైతులు చెప్పులు, పాసుపుస్తకాలు వరసలో పెట్టి చెట్టు నీడకు పోయి కూర్చుంటారు. ఏ యంత్రమూ లేకుండా జనం తయారుచేసుకున్న టోకెన్ వ్యవస్థ అది.

లైన్ల శాస్త్రం మొదలైంది కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో. ఎప్పుడు ఎవరు ఫోన్ చేస్తారో తెలియదు, ఎంతసేపు మాట్లాడతారో తెలియదు, అయినా ఎన్ని లైన్లు వేయాలో చెప్పాలి. ఆగ్నెర్ ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు 1909లో ఆ పనికి పునాది వేశాడు. ఆ శాస్త్రం చెప్పే ఒక్క సంగతి ప్రతి ఆఫీసు గోడ మీద రాసి పెట్టాలి. జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, ఒక్కొక్కరి పనికి పట్టే సమయమూ ఒకేలా లేనప్పుడు, కౌంటరులోని గుమాస్తా రోజులో సగం సమయం పనిలో ఉంటే, వచ్చినవాడు సగటున ఒక మనిషి పనికి పట్టేంత సేపు ఆగాలి. గుమాస్తా 80 శాతం సమయం పనిలో ఉంటే ఆ నిరీక్షణ నాలుగింతలు. 90 శాతమైతే తొమ్మిదింతలు. 95 శాతమైతే పందొమ్మిదింతలు.

ఈ అంకెలు మరోసారి చదవండి. పని 90 నుంచి 95కి, అంటే అయిదు శాతమే పెరిగింది. లైను రెట్టింపు దాటింది. అపరాధ రుసుము లేకుండా ఫీజు కట్టే ఆఖరి రోజున ఏ విద్యాసంస్థ ముందైనా కనిపించే దృశ్యం ఇదే. గుమాస్తా నిన్నటికంటే నెమ్మదిగా పనిచేయడం లేదు, బహుశా టీ కూడా తాగకుండా చేస్తున్నాడు. అయినా లైను మెట్లు దిగి చెట్ల కింది దాకా పోయింది. అక్కడ నిలబడ్డ పిల్లలు గుమాస్తాను తిడతారు, గుమాస్తా పిల్లల్ని కసురుకుంటాడు. ఇద్దరూ ఒకే వక్రరేఖ మీద కూర్చున్నారు. ఉద్యోగి ఒక్క నిమిషం ఖాళీగా కనిపించకూడదని ముగ్గురు చేసే పనికి ఇద్దర్నే పెట్టే పొదుపు, ఆ వక్రరేఖ నిట్టనిలువుగా లేచే చోటికి మనల్ని తీసుకుపోతుంది. కాస్త ఖాళీ ఉంటేనే లైను పొట్టిగా ఉంటుంది. ఆ ఖాళీ దుబారా కాదు.

లైన్లో నిలబడ్డవాడికి పనికొచ్చే సూత్రం ఇంకొకటుంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించాడు. లోపల ఉన్నవాళ్ళ సంఖ్య, నిమిషానికి వచ్చేవాళ్ళ సంఖ్యను ఒక్కొక్కరు గడిపే నిమిషాలతో గుణిస్తే వచ్చినంత. పనులు ఎలా ఉన్నా, జనం ఎలా వచ్చినా, దీర్ఘకాలపు సగటుల్లో ఇది తప్పదు. మనకు కావలసిన రూపంలో చెప్పాలంటే, ముందు ఎందరున్నారో లెక్కపెట్టండి, ఆరు నిమిషాల్లో ఎందరు కదిలారో చూడండి. 24 మంది ఉండి, ఆరు నిమిషాల్లో నలుగురు కదిలితే, మీ వంతుకు సుమారు 36 నిమిషాలు. అంత సమయం ఉందని తెలిస్తే, "అన్నా, నేను మీ ఎన్కనే ఉన్న, గిట్ల పోయొస్త" అని చెప్పి జిరాక్సు పని ముగించుకుని రావచ్చు.

చిల్లర రాజకీయం

కండక్టరు టికెట్టు వెనక రాసే చిల్లర బాకీ అంకెను తెలుగునాట ఎరగనివాళ్ళు ఉండరు. దిగేటప్పుడు అడగాలి. అడగటం మరిచిపోతే పోయినట్టే. కొన్నిసార్లు ఇద్దరికి కలిపి ఒక నోటు చేతిలో పెట్టి "పంచుకోండి" అంటాడు, ఆ ముక్కూమొహం తెలియని మనిషితో కలిసి దిగి, పంచుకోవడానికి సోడా బండి దగ్గరికి పోవాల్సి వస్తుంది.

ఇది కండక్టరు కుట్ర కాదు. ఉదయం మొదటి ట్రిప్పులో అందరూ పెద్ద నోట్లే తెస్తారు, చిల్లర ఒకే దిక్కున, అతని సంచిలోంచి బయటికి పోతుంది. దుకాణంవాడు చిల్లర బదులు చాక్లెట్ పెట్టడమూ అంతే. విచిత్రమైంది పది రూపాయల నాణెం కథ. అది చెల్లదన్న పుకారు ఎప్పటి నుంచో తిరుగుతోంది. 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు 14 రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని ప్రకటన ఇచ్చింది. అయినా హైదరాబాదులో చాలామంది దుకాణదారులు తీసుకోరు. తీసుకోనివాడు మూర్ఖుడనుకోకండి. "చెల్లుతుందని నాకూ తెలుసు సార్, కానీ నా దగ్గర ఎవడూ తీసుకోడు" అంటాడు. ఎవరూ తీసుకోరని ప్రతి ఒక్కరూ నమ్మితే, ఎవరూ తీసుకోకపోవడమే ప్రతి ఒక్కరికీ తెలివైన పని అవుతుంది. క్రీడా సిద్ధాంతం దీన్ని చక్కగా వివరిస్తుంది. నిజం ప్రకటించినంత మాత్రాన ఇలాంటి చిక్కు విడిపోదు. అందరూ ఒకేసారి మారుతున్నారని అందరికీ కనబడాలి. ఆర్టీసీ, మెట్రో, పాల బూతులు లాంటి పెద్ద చేతులు నాణెం ఇచ్చి పుచ్చుకుంటూ పోతేనే చిన్న దుకాణానికి ధైర్యం వస్తుంది.

2016లో యూపీఐ వచ్చి చిల్లర గోల చాలావరకు తగ్గించింది, దాని స్థానంలో "సర్వర్ డౌన్" అన్న కొత్త మాట వచ్చింది. మన ఫోన్లోని యాప్, దాని వెనక బ్యాంకు, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ, మన ఖాతా ఉన్న బ్యాంకు, దుకాణదారు బ్యాంకు. అరటిపళ్ళు కొనడానికి ఇందరు ఒకేసారి సరిగ్గా పనిచేయాలి. ఈ అయిదు మెట్లలో ఒక్కోటి నూటికి 99 సార్లు పనిచేస్తుందని ఉదాహరణకు అనుకుందాం. అయిదూ కలిసి పనిచేసే అవకాశం 99 శాతం కాదు, 95. అంటే ఇరవై సార్లకోసారి ఎక్కడో ఒకచోట తెగుతుంది.

ఒక్కరోజులో అన్నీ అయిపోవాలి

ఈ గుణకారమే మన పనుల చిట్టాకూ వర్తిస్తుంది. బ్యాంకు, జిరాక్సు, సంతకం, మందుల షాపు, గ్యాస్ ఆఫీసు. అయిదు పనులు. ఒక్కోటి మొదటి ప్రయత్నంలోనే అయ్యే అవకాశం 80 శాతం అనుకోండి, అది మంచి అంకే. అయిదూ ఒకే తిరుగుడులో అయిపోయే అవకాశం 33 శాతానికి కొంచెం తక్కువ. మూడింట రెండు రోజులు ఏదో ఒక పని మిగిలి, అది గుచ్చుకుంటూనే ఉంటుంది. ఒక పని మీద ఇంకో పని ఆధారపడి ఉంటే పరిస్థితి మరీ అన్యాయం. సంతకం కాకపోతే జిరాక్సు దండగ, జిరాక్సు లేకపోతే బ్యాంకు దండగ.

అందుకే చిట్టా రాసుకునేటప్పుడు తెగిపోయే అవకాశం ఎక్కువున్న పనిని ముందు పెట్టుకోవాలి. సంతకం పెట్టే మనిషి సీట్లో ఉన్నాడో లేడో ముందు తేలితే, మిగిలిన నాలుగు తిరుగుళ్ళు వృథా కావు. మనలో చాలామంది దీనికి సరిగ్గా ఎదురు చేస్తాం. సులువైనవి ముందు ముగించి, కష్టమైనదాన్ని ఎండ ముదిరాక, ఓపిక అయిపోయాక, లంచ్ గంట కొట్టే వేళకు పెట్టుకుంటాం.

నిమిషం ఎంత పొడుగు?

గడియారంలో నిమిషాలన్నీ ఒకటే పొడుగు. బస్టాపులో కాదు. 1985లో డేవిడ్ మైస్టర్ నిరీక్షణ మనస్తత్వం గురించి రాసిన వ్యాసం ఇప్పటికీ వ్యాపార విద్యాలయాల్లో చదువుతారు. ఊరికే నిలబడ్డ సమయం, ఏదో ఒక పనిలో గడిచిన సమయం కంటే పొడుగ్గా తోస్తుంది. ఎంతసేపో తెలియని నిరీక్షణ, తెలిసిన నిరీక్షణ కంటే బాధిస్తుంది. కారణం చెప్పకుండా ఆపితే ఒళ్ళు మండుతుంది. వీటన్నిటికంటే భరించలేనిది అన్యాయం. వెనక వచ్చినవాడు పక్క తలుపులోంచి లోపలికి పోయాడంటే, పోయింది రెండు నిమిషాలే అయినా ఆ రెండు నిమిషాలు సాయంత్రం దాకా గుర్తుంటాయి.

ఇందులో మొదటి మూడిటికీ పెద్ద ఖర్చు లేని మందులున్నాయి. 2023 ఆగస్టులో ఆర్టీసీ 'గమ్యం' యాప్ తెచ్చింది, బస్సు ఎక్కడుందో ఫోన్లో చూసుకోవచ్చు. దానివల్ల బస్సు ఒక్క క్షణం ముందు రాదు. కానీ ఇంకా పన్నెండు నిమిషాలని తెలిస్తే ఇరానీ చాయ్ తాగి రావచ్చు, తెలియకపోతే ఆ పన్నెండు నిమిషాలూ మెడ చాచి రోడ్డు వైపు చూస్తూ ఉండాలి. కౌంటరు అద్దానికి "సర్వర్ ఆగింది, మూడు గంటలకు వస్తుంది" అని ఒక కాగితం అంటిస్తే పని వేగం పెరగదు, జనం మాత్రం పోట్లాడరు. నాలుగోదానికి మందు ఇంకా సులువు: ఒకే లైను, ఒకే తలుపు.

ఇంతకీ తేలిందేమిటి? రెడ్డు పడటం, పక్క లైను కదలడం, చిట్టాలో ఒక పని మిగలడం లెక్క తెచ్చిపెట్టేవి. వాటి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, ఎవరూ మనల్ని ప్రత్యేకంగా ఎంచుకోలేదు. బస్సులు జంటలు కట్టడం, మూడు కౌంటర్లకు మూడు లైన్లు పెట్టడం, ఆఖరి తేదీకి ఒకే గుమాస్తాను కూర్చోబెట్టడం, ఎంతసేపో చెప్పకపోవడం ఏర్పాటు తెచ్చిపెట్టేవి. వాటికి మందు దశాబ్దాలుగా, కొన్నిటికి వందేళ్ళుగా పుస్తకాల్లో ఉంది. జనానికి ఓపిక లేదని బోర్డు రాయించే ముందు, ఆ లైను ఎవరు ఎలా కట్టించారో చూడండి. మీరే ఏదో ఒక కౌంటరుకి అధికారి అయితే, రేపు ఉదయం మూడు లైన్లు తీసేసి ఒకటి పెట్టండి. దానికి కావలసింది ఒక తాడు, రెండు స్తంభాలు.